నంజప్ప కింది వరుస

ఆ పొద్దున విరగాల్సింది వక్క. విరిగింది నంజప్ప పన్ను.

టక్‌మన్న చప్పుడు మాత్రం లోటు లేకుండా వచ్చింది. కొట్టంలో పేడ ఎత్తుతున్న కెంపమ్మ ఆ చప్పుడు విని, మొగుడు రోజూలాగే వక్క కొరికాడనుకుని తన పని తాను చేసుకుంది. నంజప్ప నోట్లో వేలు పెట్టి ముందు వక్కను బయటికి తీశాడు. చెక్కు చెదరలేదు. తరవాత మీది దవడ పన్ను ముక్కను తీశాడు. రెండింటినీ అరచేతిలో పెట్టుకుని, దేన్ని తిట్టాలో తేలక అరుగు మీదే కూర్చున్నాడు.

నంజప్పకు డెబ్భై ఏళ్ళు. కుడి దవడలో మీద ఒకటి, కింద ఒకటి, ఎదురెదురుగా నిలబడ్డ రెండు పళ్ళు ఎనిమిదేళ్ళుగా ఆయన పరువును మోస్తున్నాయి. మిగతా దవడ పళ్ళు ఎప్పుడో ఒక్కొక్కటే సెలవు తీసుకున్నాయి. ముందు వైపు మీద అయిదు, కింద మూడు మిగిలాయి గానీ వాటిని ఆయన లెక్కలోకి తీసుకోడు. అవి నవ్వడానికి తప్ప దేనికీ పనికిరావు. నంజప్ప నవ్వేది తక్కువ.

పన్నుకూ పరువుకూ సంబంధం ఏమిటంటే, అది వాళ్ళ మనుషుల ఆచారం. అరవదేశంలో తుంబలహళ్లి చుట్టుపక్కల పది ఊళ్ళలో వీళ్ళ ఇళ్ళు ఉన్నాయి. గొడ్లు, సేద్యం వాళ్ళ బతుకు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. వీళ్ళలో పిల్లనిచ్చేవాళ్ళూ చేసుకునేవాళ్ళూ ఎన్ని మాటలు అనుకున్నా, ఎన్ని తాంబూలాలు మార్చుకున్నా సంబంధం ఖాయం కాదు. మడత కంబళి మీద కూర్చున్న పెద్దమనిషి పళ్ళెంలోంచి ఎండిన గుండు వక్క ఒకటి తీసి, దవడన పెట్టి, అందరికీ వినబడేలా కొరకాలి. టక్‌మంటే ‘వక్క పలికింది’ అంటారు. విరిగిన వక్క మళ్ళీ అతుక్కోదు కాబట్టి ఇచ్చిన మాటను కూడా ఎవరూ వెనక్కి తీసుకోకూడదు. పలికించలేనివాడు ముందే లేచి కంబళిని ఇంకొకడికి ఇచ్చెయ్యాలి. ఆ పెద్దరికానికి చదువు అక్కర్లేదు. పొలం అక్కర్లేదు. బుద్ధి కూడా ఎవరూ పెద్దగా అడగరు. ఎదురెదురుగా రెండు దవడ పళ్ళు ఉంటే చాలు.

ఆ కంబళి మీద కన్నేసినవాడు చిన్నకణ్ణు. కెంపమ్మకు చిన్నాయన కొడుకు, నంజప్పకు బామ్మర్ది వరస. యాభై రెండేళ్ళు, ముప్పై రెండు పళ్ళు. రెండేళ్ళ కిందట అతను సంతలో నాలుగు పళ్ళ కోడె అనుకుని ఒక ఎద్దును కొని తోలుకొస్తుంటే, నంజప్ప అడ్డం వచ్చి పదిమందిలో దాని కింది పెదవి కిందికి లాగి చూపించాడు.

“ఎనిమిదీ వేసి నోరు కలిసిపోయింది కదరా బామ్మర్దీ! ఇది నీకంటే పెద్దది. దున్నించేది మానేసి దండం పెట్టుకో.”

సంతంతా నవ్వింది. నంజప్ప మాటకు సంతలో తిరుగు లేదు. నలభై ఏళ్ళు ఆయన చేసిన పని అదే. గొడ్డు ముందు నిలబడి, ఎడమ చేత్తో దవడ పట్టి, కుడి బొటనవేలితో పెదవి దించి, పాలపళ్ళా, రెండు పళ్ళా, నాలుగా, ఆరా, నోరు కలిసిందా అని లెక్కపెట్టి దాని వయసు ఒక్క చూపులో చెప్పడం. చిన్నకణ్ణుకు కూడా ఆ పని నేర్పినవాడు ఆయనే.

ఆ నవ్వు చిన్నకణ్ణు మరిచిపోలేదు. అప్పటినుంచి ఎన్నికలకు నిలబడ్డవాడిలా ప్రచారం మొదలుపెట్టాడు. టీ కొట్టు ముందు సోడా సీసా మూతలు దవడతో ఊడదీసేవాడు. పెళ్ళి భోజనాల్లో పొట్టేలు బొక్కలు కరకరా కొరికి, చుట్టూ ఎవరెవరు విన్నారో చూసుకునేవాడు. పిల్లలు చింతగింజలు తెచ్చిస్తే కొరికి పెట్టేవాడు. పిల్లలకు ఓట్లు లేకపోయినా వాళ్ళ నాయనలకు ఉన్నాయి.

నంజప్ప పన్ను విరిగింది అరవ లెక్కన చిత్తిరై నెలలో. పాలక్కోడులో యోగలక్ష్మి అనే పిల్లకు, కన్నన్ అనే పిల్లవాడికి నిశ్చయం ఆని నెలలో. అక్కడ వక్క పలికించాల్సింది నంజప్పే. చేతిలో రెండున్నర నెలలు ఉన్నాయి.

“చిన్నకణ్ణుకు ఇచ్చెయ్యరాదా ఆ కంబళి? అది కూడా పాతబడి గుచ్చుకుంటావుండాది,” అంది కెంపమ్మ.

“గుచ్చుకునేది నన్ను కదా. నీకేంది?” అని నంజప్ప ధర్మపురి బస్సెక్కాడు.

పళ్ళ ఆస్పత్రిలో ఆయన నోరు చూసినవాడు దినకరన్ అనే కుర్ర డాక్టరు. చదువు ముగిసి ఇంకా ఏడాది కాలేదు. అద్దం పెట్టి, లైటు వేసి, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. నలభై ఏళ్ళు పెదవులు దించి చూసిన నంజప్పకు తన పెదవిని ఇంకొకడు దించడం బొత్తిగా నచ్చలేదు. ఈ డాక్టరు వయసు చెప్పమంటే చెప్పగలడా అని లోపల అనుకున్నాడు.

“కింద ఉండేవన్నీ ఊగుతున్నాయి పెద్దాయనా. అన్నీ తీసేసి కొత్త వరుస కట్టాలి. మీద విరిగిన మొద్దు తీసేస్తే దవడ పళ్ళు రెండు పక్కలా లేనట్టే. అవి కూడా కట్టాలి,” అన్నాడు డాక్టరు అరవంలో.

“కింద చాలు,” అన్నాడు నంజప్ప.

“కింద ఒక్కటీ కట్టి ఏం లాభం? దేనికి ఆనించి నములుతారు?”

నంజప్ప కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఇంతసేపూ రోగి. ఇప్పుడు మేష్టారయ్యాడు.

“తంబీ, నువ్వు ఆవు నోరు చూసినావా?”

“లేదు.”

“మీద ఒక్క పన్ను ఉండదు దానికి. వట్టి చిగురు. కింద ఎనిమిది. ఆ ఎనిమిదితో చెరుకు ఆకు, జొన్న చొప్ప, కంది కట్టె అన్నీ పిండి చేసి మింగుతాది. నేను నమిలేది ఒక్క వక్క. నాకు మీద పళ్ళు ఎందుకప్పా?”

దినకరన్ మనిషి పళ్ళ గురించి లావుపాటి పుస్తకాలు నాలుగు చదివినవాడు. ఆవు గురించి అందులో లేదు. పక్క కుర్చీ దగ్గరున్న డాక్టరును అడిగాడు. ఆమె చెన్నైలో పుట్టింది. ఆమెకు తెలిసిన ఆవు పాల ప్యాకెట్టు మీద ఉండేదే, అది నోరు మూసుకుని ఉంటుంది. చివరికి దినకరన్ ఫోను తీసి వెతికాడు. ఆవుకు మీద ముందరి పళ్ళు ఉండవని మొదటి రెండు లైన్లలో ఉంది. మూడో లైను చదవలేదు. ఎందుకంటే బయట నలభై మంది బుగ్గలు పట్టుకుని కూర్చున్నారు. “పేషెంటుకు ఇష్టం లేదు” అని కాగితం మీద రాసి, నంజప్పతో సంతకం చేయించి, కింది వరుసకు మాత్రం కొలత తీసుకున్నాడు.

పళ్ళు తీసిన చోట మాని, వరుస తయారయ్యేదాకా నంజప్ప తల చుట్టూ తువ్వాలు కట్టుకుని తిరిగాడు. అడిగినవాళ్ళకు చెవిపోటు అని చెప్పాడు. ఆ తువ్వాలు విప్పిన రోజు ఊరు ఊరంతా వచ్చి చూసింది. కింది పళ్ళు తెల్లగా, వరుసగా, కొత్తగా సున్నం కొట్టిన గోడలా ఉన్నాయి. మీద మాత్రం పాత అయిదు పళ్ళే, పసుపుపచ్చగా.

“కట్టుడు పళ్ళతో కొరికితే అది కొరికినట్టా?” అని చిన్నకణ్ణు టీ కొట్టులో గొడవ లేవదీశాడు.

పెద్దలు దాని మీద రెండు రోజులు మాట్లాడుకున్నారు. ఎద్దుకు లాడం కొట్టించినంత మాత్రాన అది ఎద్దు కాకుండా పోదు కాబట్టి, మనిషికి పళ్ళు కట్టించినా పళ్ళేనని తేల్చారు. వక్క పలకడం ముఖ్యం, పలికించేది ఏదైనా ఫరవాలేదు.

నంజప్ప వేయించిన వేరుసెనగ గింజతో పని మొదలుపెట్టాడు. గింజ అటు జారింది, ఇటు జారింది, చివరికి గొంతులోకి జారింది. ఉలవ గుగ్గిళ్ళు పెడితే అవీ అలాగే వెళ్ళిపోయాయి. రాగి సంగటికి ఏ ఇబ్బందీ లేదు. కానీ సంగటిని నమిలేవాడు వాళ్ళలో ఎవడూ లేడు, ముద్దను పులుసులో అద్ది మింగడమే. కొత్త కాడికి ఎద్దు మెడ అలవాటు పడాలి, దవడ కూడా అంతే అని సర్దిచెప్పుకున్నాడు. వక్కను మాత్రం ముట్టలేదు. దాన్ని ఆ రోజుకే దాచాడు.

నిశ్చయానికి ఇంకా ఆరు రోజులు ఉందనగా మనవరాలు తనుజ సెలవులకు వచ్చింది. సేలంలో పళ్ళ డాక్టరు చదువు, మొదటి ఏడాది. ఆ చదువులో మొదటి ఏడాదంతా పళ్ళు చెక్కడమేనట. కాలేజీలో మైనం మీద చెక్కుతారు. ఇంట్లో మైనం లేక బట్టల సబ్బు మీద చెక్కుతుంది. పోయిన సెలవుల్లో ఆమె చెక్కి గూట్లో పెట్టిన పళ్ళతో కెంపమ్మ రెండు నెలలు బట్టలు ఉతికింది. నంజప్ప చొక్కాలు అన్నీ దవడ పళ్ళతో తెల్లబడ్డవే.

తనుజ తాతను చూసి నవ్వింది. తరవాత నోరు తెరవమంది. తరవాత నవ్వు ఆపేసింది.

“తాతా, మీద వరుస యాడ?”

“అవసరం లేదని చెప్పినా.”

“ఎవరికి?”

“డాక్టరుకు.”

తనుజ నుదుటి మీద కొట్టుకుంది. లోపలికెళ్ళి కొత్త సబ్బు బిళ్ళ తెచ్చి, అరుగు మీద కూర్చుని చాకుతో చెక్కడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో ఎవరి తప్పయినా సబ్బే అరిగేది. అరగంటలో ఒక పన్ను అయింది. దాన్ని తాత చేతిలో పెట్టింది.

“ఇది కింద దవడ పన్ను. రెండు వేళ్ళు దీనికి, చూడు, ఇట్ల ఎముకలోకి దిగుంటాయి. మీద పన్నుకు మూడు. మీద ఎముక మెత్తన, అందుకని ఒక కాలు ఎక్కువ. ఇప్పుడు నెత్తి చూడు.”

నంజప్ప చూశాడు. పన్ను నెత్తిన గుట్టలు ఉన్నాయి, గుట్టల మధ్య కాలవలు ఉన్నాయి. అచ్చం తీర్థమలై కొండ దారి.

“ముందు పళ్ళు కత్తి. దాని పక్కనుండే కోరపన్ను చీల్చేదానికి. ఇది తిరగలి. మీద పన్ను గుట్ట వచ్చి కింద పన్ను గుంటలో కూర్చోవాల. అప్పుడు నలుగుతాది. వక్క కొరికేది కూడా ఇదే. దవడ మూలకు దగ్గర కాబట్టి బలం ఎక్కువ. అవ్వ అడకత్తెరలో వక్కను లోపలికి తోసి కత్తిరిస్తాది కదా, అట్ల. నీ కింద రాయి ఉండాది, మీద రాయి లేదు. ఒక్క రాయితో తిరగలి తిరుగుతాదా తాతా?”

“ఆవుకు తిరగలేదా?”

“ఆవుకు మీద కూడా ఉండాయి.”

నంజప్ప మనవరాలి వైపు జాలిగా చూశాడు. సేలంలో ఇంత ఖర్చు పెట్టి నేర్పేది ఇదా అనుకున్నాడు.

“ముందు లేవు తాతా. వెనక ఉండాయి. మీద పన్నెండు, కింద పన్నెండు. ముందర నువ్వు చూసే ఎనిమిది. మొత్తం ముప్పై రెండు. మనకెన్నో దానికీ అన్నే.”

“నలభై ఏళ్ళు. పది వేల నోళ్ళు చూసినానే నేను!”

“నోరు చూడలేదు. పెదవి దించి చూసినావు.”

“మందు పోసినా. గొట్టం పెట్టి.”

“గొట్టం పక్కనుంచి పెట్టినావు. చెయ్యి ఎప్పుడన్నా లోపలికి పోనిచ్చినావా?”

నంజప్ప ఆలోచించాడు. పోనివ్వలేదు. ఎందుకు పోనిస్తాడు? గొడ్డు వయసు ముందు పళ్ళ మీదే రాసి ఉంటుంది, వెనక్కి వెళ్ళే పని ఎవరికీ పడలేదు. ఆయనకు నేర్పిన నాయన వెళ్ళలేదు. నాయనకు నేర్పిన తాత వెళ్ళలేదు. మూడు తరాలు గుమ్మంలో నిలబడి ఇల్లంతా చూశామనుకున్నారు.

ఆయన లేచి కొట్టంలోకి నడిచాడు. ఎర్రావు పడుకుని నెమరేస్తోంది. దాని పక్కన కూర్చుని, దవడ పట్టుకుని, చూపుడువేలిని పెదవి మూలనుంచి లోపలికి పోనిచ్చాడు. మొదట నున్నటి చిగురు తగిలింది. “లేవు!” అని గెలిచినట్టు అరిచాడు. ఇంకొంచెం లోపలికి పోనిచ్చాడు.

ఆవుకు ఎవరి మీదా కోపం లేదు. అది నెమరేస్తోంది, అంతే. దవడ పక్కకు జరిగి మీద రాయి వచ్చి కింద రాయి మీద కూర్చుంది.

నంజప్ప పెట్టిన కేకకు పక్కింటి కోళ్ళు దడి దూకాయి. కెంపమ్మ చేటతో పరిగెత్తుకొచ్చింది. తనుజ మాత్రం గుమ్మంలో నిలబడి నెమ్మదిగా అడిగింది.

“ఎన్ని ఉండాయి తాతా?”

“మీద... కూడా... ఉండాయి,” అన్నాడు నంజప్ప, వేలిని నోట్లో పెట్టుకుని. ఇక్కడ దవడన దానికి దొరికింది ఒక్క వరుసే.

వేలికి కట్టు కట్టాక తనుజ ఇంకో మాట చెప్పింది. మీద వరుస ఇప్పుడు కట్టించాలంటే మూడు వారాలు పడుతుంది. మిగిలింది ఆరు రోజులు.

“నేను అడకత్తెరతో వక్కకు లోపలికంటా గాటు పెట్టి ఇస్తా. దాన్ని రొండిన పెట్టుకో,” అంది కెంపమ్మ.

“పళ్ళెంలో వక్కలు ఆడపిల్లోళ్ళు పెడతారు. వాళ్ళ ముందే తియ్యాల.”

“అట్లయితే కంబళి ఇచ్చెయ్యి.”

ఇచ్చెయ్యడం అంటే ఏమిటో నంజప్పకు కనబడింది. చిన్నకణ్ణు ఆ మడత మీద కాలు మీద కాలేసుకుని కూర్చుంటాడు. తను గోడవారన ప్లాస్టిక్ కుర్చీలో, చంటిపిల్లల తల్లుల పక్కన. సంతలో ఎవడో ఒకడు “నోరు కలిసిపోయింది పెద్దాయనకు” అంటాడు. ఆ మాట తను ఎన్ని ముసలి ఎద్దుల గురించి అన్నాడో, ఆ తరవాత అవి ఎక్కడికి వెళ్ళేవో ఆయనకు తెలుసు.

“ఇయ్యను,” అన్నాడు.

నిశ్చయం రోజు పాలక్కోడులో యోగలక్ష్మి వాళ్ళ ఇంటి ముందు పందిరి వేశారు. రెండు వైపుల చుట్టాలు నిండారు. పందిరి వెనక బిరియానీ దేగిశా మూత మీద నిప్పులు పోసి ఉంచారు. వక్క పలికితేనే మూత తీస్తారు. అందుకని మాటలు తొందరగానే తెమిలాయి. పెళ్ళి ఆవణి నెలలో, తీర్థమలై గుడిలో. ఇచ్చేవాళ్ళు ఇస్తామన్నారు, చేసుకునేవాళ్ళు చేసుకుంటామన్నారు. అందరూ నంజప్ప వైపు తిరిగారు.

ఆయన కంబళి మీద మఠం వేసుకుని, కట్టు కట్టిన వేలిని ఎత్తిపట్టి, మిగిలిన వేళ్ళతో పళ్ళెంలోంచి ఒక వక్క తీశాడు. అది అన్నిటికంటే చిన్నది. చిన్నకణ్ణు గమనించాడు.

“బావా, పెద్దది తీసుకో. సంబంధం పెద్దది.”

అందరూ నవ్వారు. నంజప్ప చిన్నదాన్ని పెట్టి పెద్దదాన్ని తీసుకున్నాడు. నోట్లో వేసుకుని కుడి దవడ మూలకు తోశాడు. కింద కట్టుడు పన్ను, మీద వట్టి చిగురు. కొంచెం నొక్కాడు. చిగురులో సూది దిగినట్టయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముందు వరసలో కూర్చున్న ముసలామె “పెద్దాయన మనసు ఎంత మెత్తన, కళ్ళ నీళ్ళు పెట్టుకుంటావుండాడు” అంది.

దేగిశా దగ్గర వంటవాడు పటకారు పట్టుకుని నిలబడ్డాడు. నంజప్పకు చిన్నకణ్ణు నవ్వు ఒక్కటే కనబడుతోంది. కళ్ళు మూసుకుని, ఆ నవ్వునే దవడన పెట్టుకున్నట్టు, ఉన్న బలమంతా పెట్టి కొరికాడు.

టక్.

“వక్క పలికింది!” అన్నారు ఒక్కసారిగా. మేళం మోగింది. వంటవాడు మూత మీది నిప్పులు దులిపాడు. కన్నన్ యోగలక్ష్మిని చూసి నవ్వాడు, యోగలక్ష్మి ఫోనులో ఆ సంగతి ఎవరికో పంపింది.

నంజప్ప నాలుకతో వెతికాడు. వక్క ఉంది, గుండుగా, మొత్తంగా. దాని పక్కన కింది వరుసలో వెనక నుంచి విరిగిన ముక్క ఒకటి, మూడు దవడ పళ్ళతో సహా వదులుగా కదులుతోంది. రెండింటినీ ఎడమ బుగ్గలోకి నెట్టి, విజయం సాధించిన మనిషిలా ముఖం పెట్టాడు. బుగ్గ ఉబ్బడం వల్ల ఆ ముఖం ఇంకా నిండుగా కనబడింది.

“ఆగండప్పా,” అన్నాడు చిన్నకణ్ణు లేచి. “పలికింది వక్కా, కట్టుడు పన్నా? ఆ చప్పుడు నాకు ప్లాస్టిక్ చప్పుడు మాదిరి ఉండాది. బావా, నోరు చూపించు.”

మేళం ఆగింది. వంటవాడు మళ్ళీ మూత మీద చెయ్యి పెట్టాడు. పందిట్లో సగంమంది చిన్నకణ్ణును తిట్టారు, తక్కిన సగంమంది తొందరగా చూపించమన్నారు. రెండు వర్గాలకూ ఆకలే.

నోరు తెరిచి మాట్లాడితే ఏది ముందు కింద పడుతుందో తెలియదు. నంజప్ప తల మాత్రం ఊపాడు.

చిన్నకణ్ణు చేతులు కడుక్కుని వచ్చాడు. వచ్చి, నంజప్ప నేర్పినట్టే ఎదురుగా నిలబడ్డాడు. నంజప్ప నేర్పినట్టే ఎడమ చేత్తో దవడ పట్టాడు. నంజప్ప నేర్పినట్టే కుడి బొటనవేలితో కింది పెదవిని దించాడు. వంగి చూశాడు. పందిట్లో మగవాళ్ళందరూ వంగి చూశారు. వాళ్ళలో సంతకు వెళ్ళనివాడు లేడు, నోరు చూడడం తెలియనివాడు లేడు.

“ఒకటి, రెండు, మూడు...” చిన్నకణ్ణు గొంతు పోనుపోను తగ్గింది. “ఎనిమిది.”

“ఎనిమిదీ ఉండాయా?” అన్నారు వెనక నుంచి.

“ఉండాయి.”

“ఊగుతావుండాయా?”

వేలితో కదిపాడు. “లేదు.”

“ఇంక ఏంది? నోరు కలిసుండాది కదా!”

చిన్నకణ్ణుకు ఎక్కడో తేడా ఉందని తెలుస్తోంది. కానీ ఆ తేడా ఉన్న చోటికి చూపు పోనివ్వడం అతనికి ఎవరూ నేర్పలేదు. చుట్టూ చూశాడు. తనుజ కనబడింది.

“పళ్ళ డాక్టరమ్మ ఉండాది కదా. నువ్వు చెప్పు పాపా.”

తనుజ వచ్చింది. తాత గడ్డం పట్టి కొంచెం పైకెత్తింది. ఉబ్బిన ఎడమ బుగ్గ వైపు ఒకసారి చూసింది. నంజప్ప ఆమె కళ్ళలోకి చూశాడు. పది వేల గొడ్లు ఇన్నేళ్ళూ తన వైపు అలాగే చూసి ఉంటాయని ఆయనకు ఆ క్షణంలో తోచింది.

“చిన్నకణ్ణు తాత చూసిన పళ్ళన్నీ బాగుండాయి,” అంది తనుజ. “ఒక్కటీ విరగలేదు.”

మేళం మోగింది. మూత తీశారు.

కంబళి మీద కూర్చున్నవాడికి మొదటి విస్తరి, అందులో మూలుగ బొక్క మర్యాద. నంజప్ప బొక్కను పక్కకు జరిపి, బిరియానీని చేత్తో కూడా తాకకుండా, ఎక్కడో మూలన వండిన సంగటి ముద్ద తెప్పించుకుని పులుసుతో మింగాడు. పెద్దమనిషంటే అట్ల ఉండాలి, నోటి రుచికి లొంగడు అని ఆడపిల్లవాళ్ళు చెప్పుకున్నారు. చిన్నకణ్ణు మూడు బొక్కలు కొరికాడు గానీ ఆ చప్పుడు ఎవరూ వినలేదు.

పొద్దు వాలకముందే ఇంటికి చేరారు. నంజప్ప అరుగు మీద కూర్చుని, అరచేయి పట్టి, బుగ్గలో ఉన్నవి అందులోకి ఉమ్మాడు. ఒక వక్క. మూడు పళ్ళ ముక్క. రెండున్నర నెలల కిందట ఇదే అరుగు మీద ఇదే అరచేతిలో ఇదే లెక్క.

“పనికొస్తాదా ఇది, అతికించేదానికి?” అని ముక్కను తనుజకు చూపించాడు.

“అతికించచ్చు. మీద వరుస కూడా కట్టించుకుంటేనే,” అంది తనుజ. ముక్కను కడిగి, గూట్లో సబ్బు పళ్ళ పక్కన పెట్టి, చాకు తీసుకుని ఇంకో సబ్బు చెక్కడానికి కూర్చుంది.

కెంపమ్మ కుడితి బొక్కెనతో అటు వెళుతూ ఆగింది. మొగుడి అరచేతిలో వక్కను చూసింది.

“మంచి వక్క. పారేస్తావా ఏంది?”

దాన్ని తీసుకుని, తొట్టి దగ్గర నీళ్ళతో కడిగి, నడుముకున్న సంచిలోంచి తమలపాకు తీసి చేత్తో పట్టుకుంది. అడకత్తెర ఇంట్లో ఉంది. ఇంట్లోకి ఎవరు వెళతారని వక్కను కుడి దవడన పెట్టుకుంది.

టక్.

రెండు ముక్కలయింది. ఒక ముక్కను ఆకులో పెట్టి నోట్లో వేసుకుని, రెండోది సంచిలో దాచుకుంది.

తనుజ చేతిలో చాకు ఆగిపోయింది. నంజప్ప అరుగు మీదనుంచి లేచి నిలబడ్డాడు. పెళ్ళయి నలభై ఆరేళ్ళు. పది వేల నోళ్ళు చూశాడు. ఈ నోరు చూడలేదు.

“నీకెన్ని ఉండాయే?” అని అడిగాడు.

“ఎవరు లెక్క పెట్టినారు?” అంది కెంపమ్మ నములుతూ. బొక్కెన ఎత్తుకుని కొట్టంలోకి వెళ్ళి ఎర్రావు ముందు పెట్టింది. ఆవూ నములుతోంది, ఆమే నములుతోంది.